ఎం.ఎడ్‌. తర్వాత ఏది మేలు: పీహెచ్‌.డి.నా, ప్రత్యేక విద్యా, కౌన్సెలింగా?

బడిలో పాఠాలు చెబుతూనే ఎం.ఏ. లేదా ఎం.ఎస్సీ., ఆపై ఎం.ఎడ్‌. కూడా పూర్తిచేసిన హైదరాబాద్ ఉపాధ్యాయులు కొన్నేళ్లుగా నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు: ఇక మీదట ఏం చదివితే మేలు? ఈ ప్రశ్నలో రెండు వేర్వేరు కోరికలు కలగలిసి ఉంటాయి. బడి దాటి బీ.ఎడ్‌. కళాశాలకో విశ్వవిద్యాలయానికో వెళ్ళాలన్నది ఒకటి. బడిలోనే ఉండి, ఇప్పుడు తమకు చేతకాని పనేదో చేయగలగాలన్నది రెండోది. వీటిని విడదీయకుండా కోర్సుల జాబితా ముందేసుకుని కూర్చుంటే ప్రతి కోర్సూ మంచిదిగానే కనిపిస్తుంది. మొదటి కోరిక ఉన్నవారికి జవాబు సులువు కనుక, ఇక్కడ ఎక్కువగా రెండో కోరిక ఉన్నవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. నేనూ ఆ కోవలోని మనిషినేనని, ఈ మధ్యే వైకల్యమున్న పిల్లలకు బోధించడం నేర్పే ప్రత్యేక విద్య వైపు మొగ్గానని ముందే చెప్పడం న్యాయం.

జీతం సంగతి మొదట తేల్చుకుందాం. ప్రభుత్వ బడుల్లో స్కూల్ అసిస్టెంట్ నుంచి గెజిటెడ్ ప్రధానోపాధ్యాయుడిగా పదోన్నతి సీనియారిటీని, శాఖాపరమైన పరీక్షలను బట్టి వస్తుంది తప్ప పేరు ముందు డాక్టర్ అని ఉందా లేదా అన్నదాన్ని బట్టి రాదు. ప్రైవేటు బడుల్లో జీతం యాజమాన్యంతో మాట్లాడుకునేదే. అదనపు పట్టా చూపించి కొంత బేరమాడవచ్చు గానీ, ఇంత పెంచి తీరాలన్న కట్టుబాటు వారికేమీ లేదు. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు బోధిస్తూ ఇంకా ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) గట్టెక్కనివారు మాత్రం ఈ చర్చనంతా పక్కన పెట్టి ముందు ఆ పని చూసుకోవాలి. పదవీ విరమణకు ఐదేళ్లకు మించి సమయమున్నవారికి 2025 సెప్టెంబరు 1 నాటి సుప్రీంకోర్టు తీర్పు రెండేళ్ల గడువు మాత్రమే ఇచ్చింది.

పీహెచ్‌.డి. ఏమిటో కొత్తగా చెప్పనక్కర్లేదు. 2022 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం కోర్సు వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు పడుతుంది. మళ్ళీ నమోదు చేసుకుంటే మరో రెండేళ్లు, మహిళలకు దానిపై ఇంకో రెండేళ్లు వెసులుబాటు ఉంది. ఉద్యోగం వదలకుండా పార్ట్‌టైమ్‌గా చేయవచ్చు, అయితే పరిశోధనకు తగిన సమయం ఇస్తామని పనిచేసే సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. ఒక ప్రొఫెసర్ ఒకే సమయంలో ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడ్‌గా ఉండరాదు. అందువల్ల ఉస్మానియాలో గానీ, గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో గానీ విద్యాశాస్త్రంలో సీట్లు కొద్దిగానే ఉంటాయి. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో పీహెచ్‌.డి. చేయించడాన్ని అవే నిబంధనలు నిషేధించాయి. అయినా ఏడాదిలో డాక్టరేట్ ఇప్పిస్తామనే ప్రకటనలు ఈ నగరంలో ఆగలేదు. డబ్బు కట్టి హోటల్ హాలులో శాలువాతో పాటు అందుకునే గౌరవ డాక్టరేట్లకు కొనేవాడు ఎప్పుడూ దొరుకుతూనే ఉన్నాడు.

బీ.ఎడ్‌., ఎం.ఎడ్‌. కళాశాలల్లో బోధించదలచినవారికి ఇంతటి శ్రమా సార్థకమే. అక్కడి అర్హతలు సబ్జెక్టులో పీజీ, ఎం.ఎడ్‌., వాటిపైన జాతీయ అర్హత పరీక్ష (నెట్) లేదా పీహెచ్‌.డి. అన్న చట్రంలో నడుస్తాయి కనుక అటు వెళ్ళేవారికి మరో దారి వెతకాల్సిన పని లేదు.

బడిలోనే ఉండేవారి విషయంలో, నా దృష్టిలో అంతా ఒక్క అంశం దగ్గర తేలుతుంది. మీరు పిల్లలతో పనిచేస్తుండగా అనుభవజ్ఞులు పక్కన కూర్చుని చూసి, ఇక్కడ పొరబడ్డారు, రేపు ఇలా చేసి చూడండి అని చెప్పే ఏర్పాటు ఆ కోర్సులో ఉందా? బీ.ఎడ్‌. నాటి టీచింగ్ ప్రాక్టీస్ ముగిశాక మన తరగతి గదిలోకి వచ్చి కూర్చునేది ఇన్‌స్పెక్షన్ బృందమే. వారు చూసేది లెసన్ ప్లాన్లు, రికార్డులు, సిలబస్ ఎంతవరకు వచ్చిందన్నది. పదిహేనేళ్ల సర్వీసులో పాఠంతో పాటు పొరపాట్లూ సాధనలో పదునెక్కుతాయి, వాటిని ఎత్తిచూపే కన్ను మాత్రం ఉండదు. పీహెచ్‌.డి. గైడ్ మీ రాతను అక్షరం అక్షరం దిద్దుతారు గానీ మీ పాఠం వినరు. ఆయన తప్పేమీ లేదు, ఆ పట్టా ఉద్దేశమే వేరు.

అమెరికాలో మాస్టర్స్‌కూ డాక్టరేట్‌కూ మధ్య ఎడ్యుకేషన్ స్పెషలిస్ట్ అనే మెట్టు ఒకటి ఉంది. అక్కడి చాలా రాష్ట్రాల్లో బోధనా లైసెన్సుకు ప్రత్యేక విద్య, పఠన బోధన వంటి అదనపు అర్హతలను ఎండార్స్‌మెంట్ పేరుతో జతచేసుకుంటారు. 2020 జాతీయ విద్యావిధానం కూడా ప్రత్యేక విద్య, పాఠశాల నాయకత్వం వంటి రంగాలకు మారదలచిన ఉపాధ్యాయుల కోసం బీ.ఎడ్‌. తర్వాత స్వల్పకాలిక సర్టిఫికెట్ కోర్సులు రావాలని చెప్పింది గానీ, అవి ఇంకా మన చేతికి అందేంతగా విస్తరించలేదు. ప్రస్తుతానికి మన దగ్గర అలాంటి ఎండార్స్‌మెంట్‌కు దగ్గరగా ఉన్నది భారత పునరావాస మండలి, అంటే ఆర్‌.సి.ఐ., ఇచ్చే నమోదు. 1992 చట్టం ప్రకారం ఏర్పడిన ఈ మండలి గుర్తించిన కోర్సు చదివి కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు నమోదైనవారే ప్రత్యేక విద్యావేత్తగా పనిచేయాలి. నమోదు లేకుండా పనిచేస్తే ఏడాది వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చని ఆ చట్టమే చెబుతోంది. నమోదును ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, అందుకోసం ఆ ఐదేళ్లలో శిక్షణలకు హాజరైనట్లు పాయింట్లు చూపించాలి. ఒకసారి తీసుకుని బీరువాలో దాచుకునే పట్టాకు ఈ బాధ్యత ఉండదు.

ఈ దారిలో మన నగరానికి ఉన్న అనుకూలత దేశంలో కొద్ది చోట్లే ఉంది. 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థగా మొదలై, ఇప్పుడు ఎన్‌.ఐ.ఈ.పి.ఐ.డి. అని పిలుస్తున్న సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఉంది. వినికిడి లోపానికి సంబంధించిన అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా అక్కడే ఉంది. ఉద్యోగం వదలలేనివారికి జూబ్లీహిల్స్‌లోని డాక్టర్ బి.ఆర్‌. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యా పద్ధతిలో ప్రత్యేక విద్యలో బీ.ఎడ్‌. నడుపుతోంది, రెండున్నరేళ్ల కోర్సు. రెగ్యులర్‌గా అయితే రెండేళ్లు. వినికిడి, దృష్టి, మేధో వైకల్యం వంటి విభాగాల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. సాధారణ బడిలో కొనసాగేవారి అనుభవానికి మేధో వైకల్యం గానీ, దొరికినచోట నిర్దిష్ట అభ్యసన వైకల్యం (చదవడం, రాయడం, లెక్కలు వంటివాటిలో ఎదురయ్యే ప్రత్యేక ఇబ్బంది) గానీ దగ్గరగా ఉంటుంది.

ఎం.ఎడ్‌. చేసినవాళ్లం మళ్ళీ బీ.ఎడ్‌. గడప తొక్కాలా అని చాలామంది మొహం చిన్నబుచ్చుకుంటారు. ప్రత్యేక విద్యలో నేరుగా ఎం.ఎడ్‌. చేద్దామన్నా ముందుగా ఆర్‌.సి.ఐ. గుర్తించిన ప్రత్యేక విద్య అర్హత ఉండాలన్న నియమం అడ్డొస్తుంది. మెట్టు దిగినట్టు అనిపించే ఈ కోర్సులోనే నేను పైన చెప్పిన ఏర్పాటు ఉంది. ఒక బిడ్డను ఎంచుకుని, ఏమి వచ్చో ఏమి రాదో అంచనా వేసి, ఆ బిడ్డకు మాత్రమే వర్తించే వ్యక్తిగత విద్యా ప్రణాళిక (ఐ.ఈ.పి.) రాసి, దాని ప్రకారం బోధించి, ఫలితాన్ని మళ్ళీ కొలిచి, ఇదంతా పర్యవేక్షకుల ముందు పెట్టాలి. ప్రత్యేక పాఠశాలలోనూ, వైకల్యమున్న పిల్లలు మిగతావారితో కలిసి చదివే సమ్మిళిత తరగతిలోనూ పాఠాలు చెప్పాలి.

దీనివల్ల ఒరిగేదేమిటో తెలియాలంటే మన తరగతుల్నే చూడండి. నాలుగో తరగతి పిల్లవాడు తెలుగు వాచకంలో చదివేసిన పాఠాన్ని గడగడా అప్పజెబుతాడు, అదే ఒత్తులు, గుణింతాలు ఉన్న కొత్త మాటను బోర్డు మీద రాస్తే బిక్కమొహం వేస్తాడు. ఇంట్లో ఉర్దూ లేదా హిందీ మాట్లాడే పిల్లలు ఎక్కువగా ఉన్న పాతబస్తీ, ఆసిఫ్‌నగర్ వంటి చోట్ల ఇది భాష అలవాటు లేకపోవడమా, డిస్లెక్సియా అనే పఠన వైకల్యమా, కళ్ళద్దాల అవసరమా, గతేడాది బడికి సరిగా రాకపోవడమా అన్నది విడదీయడం ఇంకా కష్టం. ఎం.ఎడ్‌. మనకు ఈ నాలుగింటి పేర్లూ నేర్పింది, వేరుచేసే పద్ధతి నేర్పలేదు. సాధారణ బడుల్లో చదువులో వెనుకబడిన ప్రాథమిక తరగతుల పిల్లల స్థాయిని అంచనా వేసేందుకు మనోవికాస్ నగర్ సంస్థ నుంచే 1997లో ఒక పరీక్షా సాధనం వచ్చిందన్న సంగతి ఈ నగరంలో ఎం.ఎడ్‌. చదివిన చాలామందికి తెలియదు.

కొలువుల సంగతి చూసినా గాలి ఇటే వీస్తోంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచి, నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని అందులో చేర్చింది. ప్రత్యేక ఉపాధ్యాయుల కొరతపై 2021లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పది మంది పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు అన్న నిష్పత్తిని కేంద్రం ఖరారు చేసింది. పోస్టులను నోటిఫై చేయాలని 2025 మార్చిలో కోర్టు రాష్ట్రాలకు మళ్ళీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. సి.బి.ఎస్‌.ఈ. అనుబంధ బడుల్లోనూ ప్రత్యేక విద్యావేత్త ఉండాలన్నది నియమమే. అలాగని తొందరపడి ఉన్న ఉద్యోగం వదులుకోమని నేను చెప్పను. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే మన భవిత కేంద్రాల్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్లు, అంటే ఐ.ఈ.ఆర్‌.పి.లు కాంట్రాక్టు పద్ధతిలోనే ఉండిపోయారన్నది మరువరాదు. సాధారణ టీచరుగా స్థిరమైన ఉద్యోగంలో ఉంటూ ఈ అర్హత చేర్చుకున్నవారి పరిస్థితి వేరు, కొత్తగా దీన్నే నమ్ముకుని వచ్చేవారి పరిస్థితి వేరు.

కౌన్సెలింగ్ విషయానికి వస్తే, ఎన్‌.సి.ఈ.ఆర్‌.టి. వారి గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమా పద్ధతి నాకు నచ్చుతుంది: ఆరు నెలలు దూరవిద్య, మూడు నెలలు ముఖాముఖి శిక్షణ, మూడు నెలలు ఇంటర్న్‌షిప్. తెలంగాణ ఉపాధ్యాయులకు ఇన్నాళ్లూ మైసూరులోని ప్రాంతీయ విద్యాసంస్థే దిక్కు. పర్యవేక్షణ ఉండాలన్న నా కొలబద్దకు ఇదీ నిలుస్తుంది, వ్యవధి పరంగా ప్రత్యేక విద్య కంటే తేలిక కూడా. ఇబ్బందల్లా మధ్యలో వచ్చే ఆ మూడు నెలల ముఖాముఖి శిక్షణతోనే. ప్రభుత్వ టీచరుకు శాఖ డిప్యుటేషన్ ఇస్తే సరి. ప్రైవేటు టీచరుకు విద్యాసంవత్సరం మధ్యలో మూడు నెలలు వదిలే యాజమాన్యం దొరకడం గగనం.

ఇంతకంటే లోతైన చిక్కు మరొకటి ఉంది. మార్కులు వేసే మనిషే మనసు విప్పి మాట్లాడమంటే పదో తరగతి పిల్ల ఎంతవరకు మాట్లాడుతుంది? తన మాట స్టాఫ్ రూముకు చేరదన్న నమ్మకం ఆ పిల్లకు కలగాలంటే, కౌన్సెలర్‌కు బోధన భారం తగ్గించి, తలుపు వేసుకునే ఒక గదైనా ఇవ్వాలి. మన బడుల్లో సాధారణంగా జరిగేది వేరు: వారానికి ముప్పై పీరియడ్లు అలాగే ఉంచి, వైస్ ప్రిన్సిపాల్ గదిలో ఒక మూల కుర్చీ వేసి, కౌన్సెలర్ అని బోర్డు తగిలిస్తారు. పైగా గోప్యతకూ హద్దుంది. లైంగిక వేధింపు సంగతి తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేసి తీరాలి, ఆ మాట పిల్లలకు ముందే చెప్పాలి. ఆత్మహత్య ఆలోచనల వంటివి ఎదురైతే డిప్లొమా సరిపోదు, మానసిక వైద్యుల వద్దకు పంపాలి. 14416 నంబరుతో ఉన్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ అందుకు అక్కరకొస్తుంది. ఇవన్నీ తెలిసిన యాజమాన్యం ఉన్నచోట ఈ డిప్లొమా ప్రత్యేక విద్యకు ఏమాత్రం తీసిపోదు. యాజమాన్యానికి పట్టని చోట కూడా ప్రత్యేక విద్య నేర్చిన టీచరు తన నలభై మంది గదిలో తాను కొంత చేసుకోగలరు, కౌన్సెలర్ మాత్రం చేయగలిగింది చాలా తక్కువ. రెండింటి మధ్య నేను ప్రత్యేక విద్యవైపు మొగ్గడానికి ఇదొక్కటే కారణం.

మిగిలినవాటి గురించి క్లుప్తంగా. ఇంగ్లీషు టీచర్లకు తార్నాకలోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) దూరవిద్యలో ఇచ్చే ఆంగ్ల బోధనా సర్టిఫికెట్, ఆపై డిప్లొమా పాతకాలం నుంచీ మంచి పేరున్నవే, ఇతర సబ్జెక్టుల వారికి పనికిరావు. విద్యా నిర్వహణలో ఇగ్నో పీజీ డిప్లొమా ప్రిన్సిపాల్ పదవి ఆశించే ప్రైవేటు టీచర్లకు ఉపయోగపడవచ్చు. జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ (నీపా) వారి పాఠశాల నాయకత్వ ఆన్‌లైన్ కోర్సు ఉచితం, తీరికున్నప్పుడు చేసుకోవచ్చు. జె-1 అనే వినిమయ సందర్శకుల వీసాపై అమెరికా బడులకు వెళ్ళాలనుకునేవారికి అక్కడ మామూలుగా మూడేళ్లు, పొడిగిస్తే ఐదేళ్లు ఉండే అవకాశం ఉంటుంది; అక్కడి ఎండార్స్‌మెంట్లు ఆ రాష్ట్ర లైసెన్సుకే చెల్లుతాయి కనుక, తిరిగొచ్చాక వాటితో ఇక్కడ ఆర్‌.సి.ఐ. నమోదు దానంతటదే వచ్చేస్తుందని అనుకోవద్దు.

ప్రత్యేక విద్యను ఎంచుకున్నవారు ఫీజు కట్టేముందు రెండు పనులు చేయాలి. ఆ సంస్థకు, ఆ విభాగానికి, మీరు చేరబోయే విద్యాసంవత్సరానికి ఆర్‌.సి.ఐ. అనుమతి ఉందో లేదో మండలి వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. గతేడాది అనుమతి ఉన్నంత మాత్రాన ఈ ఏడూ ఉన్నట్టు కాదు. దూరవిద్య అయితే మీకు కేటాయించే అధ్యయన కేంద్రానికి ఒకసారి స్వయంగా వెళ్ళి, టీచింగ్ ప్రాక్టీస్‌ను ఎవరు చూస్తారో, నిజంగా చూస్తారా, సంతకం పెట్టి పంపిస్తారా అన్నది పై బ్యాచ్ వారిని అడిగి తెలుసుకోవాలి. సంతకాలతో సరిపెట్టే కేంద్రమైతే, అది ఇంటికి ఎంత దగ్గరైనా సరే, వేరే కేంద్రం అడగండి.