బెజవాడలో పాత హెరాల్డ్ కొనబోతున్నారా? ముందు వెనక సీటు ఎత్తించి చూడండి

బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల పాత స్టాండర్డ్ హెరాల్డ్ కారు బేరమాడుతున్నవాళ్ళ కోసం రాస్తున్నా. ఇంకా బయానా ఇవ్వకపోతే ఇది చదివాకే ఇవ్వండి. బండి కింద దూరి చూడకుండా, వెనక సీటు ఎత్తించకుండా రూపాయి కూడా చేతిలో పెట్టొద్దు. నేను పెట్టాను. మూడు నెలలు తిరక్కుండానే హైవే పక్కన వెనక చక్రం దగ్గర కమాను, అంటే బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగు, విరిగి బండి ఒక పక్కకి కూలబడింది. అప్పుడు లోపల మా అక్క, బావ, తొమ్మిదేళ్ళ మేనకోడలు ఉన్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టే ఇవాళ ఇంత నిదానంగా కూర్చుని రాయగలుగుతున్నా.

మా తాతయ్య బ్రాడీపేటలో ఉండేవారు, గుంటూరు కోర్టుకి హెరాల్డ్‌లోనే వెళ్ళేవారు. నాకు ఆ బండి ఫొటోలోనే తెలుసు. అందుకే పటమట వైపు ఒకాయన దగ్గర ఎర్ర రంగు రెండు తలుపుల హెరాల్డ్ ఉందని తెలిసిన రోజే బయల్దేరి వెళ్ళిపోయా. పైకప్పు బోల్టులు విప్పి తీసేసి, కొత్త సీట్లు వేయించి, స్పోర్ట్స్ కారులా ముస్తాబు చేశాడు. ‘స్పిట్‌ఫైర్ ఛాసిస్ సార్ ఇది’ అన్నాడు. ఛాసిస్ అంటే బండి కింది ఇనుప చట్రం. నిజానికి అది తిరగేసి చెప్పిన మాట. ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో ఇంగ్లాండులో వచ్చింది. దాని ఛాసిస్‌నే పొట్టి చేసి 1962లో స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు కట్టారు. మన హెరాల్డ్‌ని 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ వాళ్ళు తయారుచేశారు. ఇంజను 948 సీసీ. అయితే వెనక చక్రాల అమరిక మాత్రం రెండింటికీ ఒకే తీరు, అందులో ఉండే జబ్బులూ ఒకటే.

ఆ అమరిక తెలియకపోతే మోసం ఎక్కడ జరిగిందో అర్థం కాదు, కాబట్టి కాస్త వివరంగా చెప్తా. అంబాసిడర్‌కి వెనక రెండు చక్రాలనీ కలుపుతూ ఒకటే బరువైన యాక్సిల్ ఉంటుంది, దానికి రెండు పక్కలా కమాన్ కట్టలు బండి పొడవునా ఉంటాయి. పట్టీ ఒకటి విరిగినా బండి ఎలాగోలా షెడ్డు దాకా చేరుతుంది. హెరాల్డ్‌కి అలా కాదు. ఒకటే కమాన్ కట్ట, అదీ అడ్డంగా. కావడి బద్ద ఎలా ఉంటుందో తలుచుకోండి. మధ్య భాగం డిఫరెన్షియల్ (ఇంజను శక్తిని రెండు వెనక చక్రాలకీ పంచే గేర్ల పెట్టె) మీద బిగించి ఉంటుంది, రెండు కొసలకీ చెరో చక్రం. డిఫరెన్షియల్ దగ్గర క్రాస్ (కీలులా వంగే జాయింటు) ఉన్న షాఫ్టు కింద నుంచి చక్రాన్ని పట్టుకుంటుంది, పైనుంచి పట్టుకునేది ఆ కమాన్ కట్టలో పెద్ద పట్టీ కొసని గుండ్రంగా చుట్టి చేసిన కన్ను. అంటే ఆ పట్టీ బరువు మోయడమే కాదు, చక్రాన్ని నిటారుగా నిలబెట్టేదీ అదే. కన్ను విరిగితే పైన చక్రానికి ఆధారం లేనట్టే. మన మెకానిక్కులకి ఈ అమరిక ఎప్పుడూ తలనొప్పే. 1970లలో వచ్చిన స్టాండర్డ్ గజెల్‌కి ఇది తీసేసి మామూలు యాక్సిల్ పెట్టారంటే ఊరికే కాదు.

ఇక చూపులనాటి సంగతి. నేను వెళ్ళేసరికి బండి వెనక భాగం స్టాండ్ల మీద ఎత్తి ఉంది. ‘ఇప్పుడే సర్వీసు చేయించా సార్’ అంటూ నా ముందే జాకీ పెట్టి దింపాడు. దింపాక వెనక చక్రాలు రెండూ కింద దగ్గరకి ముడుచుకుని, పైన ఎడంగా ఉన్నాయి. వెనక భాగం బాగా ఎత్తుగా కనబడింది. ఇదేంటని అడిగా. ‘హెరాల్డ్ అంటేనే అంత సార్, జాకీ మీంచి దిగితే ముడుచుకునే ఉంటాయి, నాలుగడుగులు కదిలితే సర్దుకుంటాయి’ అన్నాడు.

అందులో సగం నిజం ఉంది. హెరాల్డ్‌ని ఎత్తితే చక్రాలు వేలాడి ముడుచుకుంటాయి, దింపాక బండి కదిలేదాకా అలాగే ఉంటాయి. అది ఆ బండి స్వభావమే. నేను చేసిన తప్పల్లా దాన్ని కదిలించి మళ్ళీ చూడకపోవడం. ఇరవై అడుగులు ముందుకీ వెనక్కీ తోయించి ఉంటే, కదిలాక కూడా చక్రాలు సర్దుకోవడం లేదని అక్కడికక్కడే తెలిసిపోయేది. ఆయనే నడుపుతూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తిన్నటి వీధిలో ఒక చుట్టు తిప్పాడు. 3,40,000కి బేరం కుదిరింది.

గుంటూరు తెచ్చుకున్న మొదటి వారం నుంచే వెనక నుంచి శబ్దం. స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడు టక్కుమని ఒక్కటే దెబ్బ. దానికంటే భయపెట్టింది ఇంకోటి ఉంది. వంపులో యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే వెనక భాగం తనంతట తాను పక్కకి జరిగినట్టు అనిపించేది. ఊళ్ళో ఒక మెకానిక్‌కి చూపిస్తే షాకబ్జార్బర్లు పోయాయన్నాడు. రెండూ మార్పించా. శబ్దం అలాగే ఉంది. వీల్ అలైన్‌మెంట్ షాపు వాళ్ళు ముందు చక్రాలు సరిచేసి పంపేశారు. ఇక్కడ ఆగి ఉండాల్సింది, ఆగలేదు. పాత బండి అన్నాక చప్పుడు మామూలే అని సరిపెట్టుకున్నా.

ఒక ఆదివారం మంగళగిరి పానకాల స్వామి దర్శనం చేసుకుని సాయంత్రం తిరిగొస్తున్నాం. బండిలో నలుగురం. నంబూరు దాటాక హైవే దిగి సర్వీసు రోడ్డులోకి తిరుగుతున్నా. నలభైకి మించి వేగం లేదు. చెరుకు గడ విరిచినట్టు ఫట్‌మని వినబడింది. ఎడమ పక్క వెనక భాగం ఒక్కసారిగా కిందకి పడిపోయింది, టైరు మడ్‌గార్డుకి రాసుకుని రబ్బరు కాలిన వాసన, పొగ. పాప గట్టిగా ఏడుపు అందుకుంది. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని మట్టిలోకి దింపి ఆపా. అదే హైవే మీద ఎనభైలో జరిగి ఉంటే, వెనకే లారీ ఉండి ఉంటే! ఆ ఆలోచన ఇప్పటికీ రాత్రుళ్ళు వస్తూనే ఉంది.

బండిని లారీ మీద ఎక్కించి బెజవాడ ఆటోనగర్‌కి తెచ్చాం. లారీ కమాన్లు కట్టే షెడ్డులో ఒక పెద్దాయన ఉన్నాడు. హెరాల్డ్‌కి పని చేసి చాలా ఏళ్ళయిందని ముందే చెప్పాడు, కానీ ఇనుము చూస్తే మాత్రం ఆయనకి ఏదీ దాగదు. వెనక సీటు, దాని వీపు ఊడదీయించి, దాని వెనకున్న రేకు మూత తీయించాడు. కమాను నడుము, దాన్ని బిగించిన నట్లు అక్కడ కనబడతాయి. చూస్తే ఛాసిస్ మొత్తం పాత దుమ్ము, తుప్పు పట్టి ఉంటే, ఈ చుట్టుపక్కల మాత్రం కొత్త నల్ల రంగు తళతళలాడుతోంది. రంగు గీకించాడు. కట్ట అడుగున హెరాల్డ్‌ది కాని పట్టీ ఒకటి ఉంది. దాని అంచు గ్యాసుతో కోసినట్టు గరుకుగా, పళ్ళు పళ్ళుగా ఉంది. ఏదో పెద్ద బండి పట్టీ కోసి, పాత కమాను కుంగిపోయింది కనబడకుండా కింద దూర్చారు. బండి వెనక ఎత్తుగా నిలబడిందందుకే. వంపులో వెనక భాగం జరగడానికీ కారణం అదే. ఈ అమరికలో వెనక ఎంత ఎత్తు లేస్తే చక్రాలు అంత లోపలికి ముడుచుకుంటాయి, వంపులో పట్టు అంత తప్పుతుంది.

తర్వాత విరిగిన కన్ను చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టి చూపించాడు. విరిగిన ముఖంలో సగానికి పైగా నల్లగా, తుప్పు పట్టి ఉంది. మిగతాది మాత్రం పంచదార పలుకుల్లా మెరుస్తోంది.

‘ఈ నల్లది ఎప్పుడో పగిలింది బాబూ. నిన్న విరిగింది ఈ మెరిసేదే. ఇంతకాలం ఇంత ముక్క మీద నడిచింది నీ బండి’ అన్నాడు.

పగులు పక్కనే గ్రైండరుతో నున్నగా రుద్దిన వెల్డింగు గీత. కమాను ఉక్కులో కార్బన్ ఎక్కువ ఉంటుంది. మామూలు వెల్డింగు వేడి తగిలితే అతుకు పక్కన గాజులా పెళుసెక్కుతుంది, కాస్త అవతల టెంపరు (కాచి చల్లార్చి తెప్పించిన గట్టిదనం) పోయి మెత్తబడుతుంది. ఎంత మంచి వెల్డరైనా సరే, పెద్ద పట్టీ కన్ను అతికించి రోడ్డెక్కించకూడదు.

కుడి వైపు కన్ను బయటికి బాగానే ఉంది. ఆయన దాన్ని వదల్లేదు. కిరసనాయిలు రాసి కాసేపు ఉంచి, గుడ్డతో పొడిగా తుడిచి, సుద్దముక్క మెత్తగా రుద్దాడు. రెండు నిమిషాలకి తెల్లటి సుద్ద మీద వెంట్రుకలాంటి తడి గీత ఒకటి తేలింది. పగుల్లో దాక్కున్న కిరసనాయిలు పైకి ఊరిందన్నమాట. అదీ అతికించిందే. రెండో పక్కా ఏదో ఒక రోజు విరిగేదే. పది రూపాయల ఖర్చు కూడా లేని ఈ పరీక్ష కొనేముందు చేయించి ఉంటే ఇదంతా రాయాల్సిన పనే ఉండేది కాదు.

రిపేరు సంగతి చేయించుకునేవాళ్ళకి పనికొస్తుందని చెప్తున్నా. పెద్ద పట్టీ కొత్తగా కొట్టించవచ్చు, కానీ కన్ను చుట్టడం, టెంపరు పెట్టడం సరిగ్గా కుదరాలి. నాకు ధైర్యం చాలలేదు. ఇంగ్లాండులో ట్రయంఫ్ సామాను అమ్మేవాళ్ళ దగ్గర హెరాల్డ్ కమాన్ కట్ట కొత్తది దొరుకుతుంది, అదే తెప్పించా. ఆర్డరు పెట్టేటప్పుడు హెరాల్డ్‌దేనని ఖాయం చేసుకోండి. 1970 తర్వాతి స్పిట్‌ఫైర్‌కి వచ్చిన స్వింగ్ స్ప్రింగు వేరే రకం, అది ఉన్నదున్నట్టు తెచ్చి బిగించేది కాదు. పాత కట్ట విప్పేటప్పుడు జాగ్రత్త చాలా అవసరం. హెరాల్డ్‌లో చక్రం మరీ కిందకి వేలాడకుండా ఆపేది షాకబ్జార్బరే. కాబట్టి చక్రం వైపు కింద జాకీ ఆనించకుండా దాని బోల్టు తీస్తే కమాను ఒక్కసారి విదిలించి చేతులు విరిచేస్తుంది. హబ్ (చక్రాన్ని బిగించే దిమ్మ) షాఫ్టు మీద టేపరుగా బిగిసి ఉంటుంది, దాన్ని పుల్లరు అనే గట్టి లాగుడు పనిముట్టుతోనే లాగించాలి. కుర్రాళ్ళు సుత్తి పట్టుకుంటే ఆపేయండి, షాఫ్టు మరలు పాడైపోతాయి. కన్ను బోల్టులు బండి జాకీ మీద ఉండగా పూర్తిగా బిగించొద్దు. నేల మీద దింపి, నాలుగడుగులు కదిపి, బరువు పడ్డాకే బిగించాలి. లేదంటే రబ్బరు బుష్ మెలిపడి కొన్నాళ్ళకే చిరిగిపోతుంది. నా బండిలో క్రాస్‌లు రెండూ, కింద నైలాన్ బుష్‌లూ కూడా మార్చాల్సొచ్చింది. అన్నీ కలిపి 74,600 అయింది. ఇప్పుడు వంపులో బండి చెప్పిన మాట వింటోంది, ఆ టక్కు శబ్దం లేదు.

అమ్మినాయనకి ఫోన్ చేశా. ‘పాత బండి సార్, చూసుకునే కొన్నారుగా’ అన్నాడు. తర్వాత ఎత్తడం మానేశాడు. రాసుకున్న కాగితంలో ‘ఉన్నది ఉన్నట్టు’ అని ఉంది, సంతకం నాదే. కాబట్టి మీరు రాయించుకునే కాగితంలో వెనక కమాను, ఛాసిస్ ఎక్కడా అతుకు లేదని ఒక్క వాక్యం పెట్టించండి. ఆ వాక్యం రాయనంటే లేచి వచ్చేయండి.

వింటేజ్ నంబరు (పాతకాలపు బండ్లకిచ్చే ప్రత్యేక రిజిస్ట్రేషన్) వస్తుందని కూడా ఆశపెడతారు, నాకూ అదే చెప్పాడు. 2021 నిబంధనల ప్రకారం బండికి 50 ఏళ్ళు దాటాలి, ఫీజు 20,000. కానీ ఛాసిస్‌కో, బాడీకో, ఇంజనుకో పెద్ద మార్పులు చేసి ఉంటే కుదరదు. వచ్చినా రోజువారీ తిరగడానికి పనికిరాదు. కోసి, అతికి, ముస్తాబు చేసిన బండికి ఆ మాట నమ్మి ఎక్కువ ఇవ్వకండి.

చూడ్డానికి వెళ్ళేటప్పుడు ఒక దారానికి బరువు కట్టి జేబులో వేసుకోండి, తాపీ మేస్త్రీలు గోడ నిటారుగా ఉందో లేదో చూసేదే. బండిని కదిపించాక, వెనక సీట్లో ఇద్దరిని కూర్చోబెట్టి, మడ్‌గార్డు అంచు నుంచి దారం వేలాడదీసి రెండు చక్రాలూ చూడండి. మనుషులు కూర్చున్నా చక్రాలు ఇంకా కింద ముడుచుకునే ఉంటే కమాను కింద ఏదో దూర్చారనుకోండి. మరీ పైన లోపలికి వాలిపోతే కమాను కుంగిందన్నమాట, దాన్ని కనీసం ధరలో తగ్గించుకోవచ్చు. స్టీరింగ్ మీరే పట్టుకుని వంపులున్న దారిలో నడపండి.

ఇదంతా ఇవాళే రాయడానికి కారణం ఉంది. అదే మనిషి దగ్గర ఇప్పుడు లేత ఆకుపచ్చ హెరాల్డ్ ఇంకోటి అమ్మకానికి ఉందని నిన్న తెలిసినవాళ్ళు ఫొటో చూపించారు. అదీ వెనక భాగం స్టాండ్ల మీదే ఉంది. చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటే నాకు కబురు చేయండి. విరిగిన కన్ను ముక్క నా దగ్గరే ఉంది, సుద్దముక్క, కిరసనాయిలు సీసా కూడా పట్టుకుని మీతో వస్తా.