బాండా, కౌంటర్ ఆఫరా, వేళకు పెంచే జీతమా: ఏది మేలు?

హైదరాబాద్‌లో ఐటీ కంపెనీ నడిపేవాళ్లలో ఎవరిని కదిపినా ఒకటే గోడు: పని నేర్చుకున్న పిల్లలు నిలవడం లేదని. 2022లో ఈ బాధ పెద్ద కంపెనీలనూ వదల్లేదు. ఆ ఏడాది జూన్ త్రైమాసికంలో ఇన్ఫోసిస్ అట్రిషన్, అంటే ఏడాదిలో మానేసేవాళ్ల శాతం, 28.4, సెప్టెంబరుకి టీసీఎస్‌ది 21.5 శాతం. తర్వాత మార్కెట్ చల్లబడింది, 2024 మధ్యకి టీసీఎస్‌లో అది 12 శాతం దగ్గరికి దిగింది. ఆ అంకె చూసి ధీమాగా ఉండటం మాత్రం పొరపాటు. బయట ఆఫర్లు లేక ఆగినవాళ్లు, ఆఫర్లు మొదలవగానే ముందు లేచిపోతారు.

మనిషిని ఆపడానికి మన దగ్గర ఎక్కువగా వాడే దారులు మూడు. మొదటిది బాండు. రెండేళ్లో మూడేళ్లో ఉంటానని, మధ్యలో మానేస్తే ఇంత కడతానని చేరేటప్పుడే రాయించుకోవడం. బాండు కోర్టులో అస్సలు చెల్లదని చాలామంది నమ్మకం. 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ కింద, ఉద్యోగం మానేశాక ఇంకెక్కడా చేయకూడదనే షరతు చెల్లని మాట నిజమే. కనీసం ఇంతకాలం పనిచేయాలనే బాండు సంగతి వేరు. విజయా బ్యాంక్ కేసులో 2025 మేలో సుప్రీంకోర్టు, మూడేళ్లు నిండకుండా వెళ్లిన ఉద్యోగి 2 లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది. ప్రభుత్వ బ్యాంకు కొత్తగా ఒకరిని తీసుకోవాలంటే మళ్లీ నోటిఫికేషన్, మళ్లీ పరీక్ష. ఆ ఖర్చును కోర్టు లెక్కలోకి తీసుకుంది. రెండు వారాల ట్రైనింగ్ ఇచ్చి లక్షలకు లక్షలు రాయించుకునే చిన్న కంపెనీ ఈ తీర్పును చూపించి బెదిరించడం అన్యాయం. 74వ సెక్షన్ ఇప్పించేది సబబైన పరిహారమే, కాగితం మీద రాసుకున్న అంకె దానికి పైహద్దు. ఇక ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకునే కంపెనీల గురించి చెప్పాలంటే నాకు కోపమే వస్తుంది. పాతికేళ్లు నిండని పిల్లల భయంతో ఆడుకోవడం అది.

సరే, బాండు పనిచేసిందనే అనుకుందాం. కుర్రాడు సీట్లోనే ఉంటాడు. ఇచ్చిన టికెట్ (అప్పగించిన పని) క్లోజ్ చేస్తాడు, పక్క మాడ్యూల్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌లో పక్కవాళ్ల భాగంలో, తప్పు కనబడ్డా నోరెత్తడు, బాండు ముగిసే తేదీ ఫోన్‌లో పెట్టుకుంటాడు. ఆ తేదీ తర్వాత వారానికే పేపర్ పెడతాడు, అంటే రాజీనామా ఇస్తాడు.

రెండోది కౌంటర్ ఆఫర్. పేపర్ పెట్టిన సాయంత్రమే మేనేజర్ రూమ్‌లోకి పిలిచి, 'వాళ్లెంత ఇస్తున్నారు? మనమూ మ్యాచ్ చేద్దాం, తొందరపడకు' అంటాడు. వెళ్లిపోయేవాడికి అప్పటికి సంతోషమే. కానీ ఏప్రిల్ అప్రైజల్లో బడ్జెట్ లేదంటే ఏడాదికి 8 లక్షల దగ్గరే ఆగిపోయినవాడికి, జూన్‌లో 12 లక్షలు ఎలా వచ్చాయన్న ప్రశ్న మనసులోంచి పోదు. టీమ్‌లో ఇలాంటివి దాగవు కూడా. పేపర్ పెడితేనే హైక్ అని అందరికీ అర్థమైపోతుంది. మరుసటి నెల ఇంకో ఇద్దరు ఆఫర్ లెటర్లతో వస్తారు, వాళ్లని తప్పుపట్టలేం.

దీనికి తమ్ముడే రిటెన్షన్ బోనస్. ముందే ఇచ్చి, ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలంటారు. సంతకం పెట్టేముందు ఒకటి చూసుకోవాలి: చేతికొచ్చేది టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) పోగా మిగిలింది, చాలాచోట్ల తిరిగి అడిగేది మాత్రం పూర్తి మొత్తం. సాఫ్ట్‌వేర్ రిలీజ్ నడుమన ఒక్కరికే తెలిసిన మాడ్యూల్ ఉంటే ఈ బోనస్‌కి అర్థం ఉంది. ఆ కొద్ది నెలలు గడిపి, కేటీ, అంటే తెలిసిన పనిని ఇంకొకరికి నేర్పడం, పూర్తి చేయించుకోవడానికి సరిపోతుంది. అంతకుమించి ఆశించకూడదు.

మూడోది, నేను గట్టిగా నమ్మేది, అడగకముందే జీతం సరిచేయడం. దీనికి పాత రుజువు ఉంది. 1913లో ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో కార్మికులు మారే రేటు 370 శాతం, అంటే ఒక్కో ఉద్యోగంలో ఏడాదిలో సగటున మూడు నాలుగు సార్లు మనుషులు మారేవారు. 1914 జనవరిలో, ఆరు నెలలు పనిచేసినవాళ్లకు రోజుకు 5 డాలర్లు ఇస్తామని, పని 9 గంటల నుంచి 8కి తగ్గిస్తామని ప్రకటించారు. అంతకుముందు కూలి అందులో సగానికి కాస్త తక్కువే. ఆ ఏడాది రేటు 54 శాతానికి, 1915లో 16కి పడిపోయింది. ఎవరూ రాజీనామా చేసి బేరమాడి తెచ్చుకున్న పెంపు కాదది, షరతులకు సరిపోయినవాళ్లకు అడగకుండానే వచ్చింది.

మన కంపెనీలకు ఖర్చు కూడా కలిసొస్తుంది. 8 లక్షల మనిషికి వేళకు 10 ఇస్తే పోయేది ఏడాదికి 2 లక్షలు. అతను వెళ్లిపోతే కొత్తవాడిని 12కి తేవాలి, పాత కంపెనీలో ఆ కొత్తవాడి 90 రోజుల నోటీస్ పీరియడ్ అయ్యేదాకా ఆగాలి, వచ్చాక కోడ్ అర్థమయ్యేసరికి ఇంకో రెండు మూడు నెలలు. ఏడాదికోసారి హెచ్‌ఆర్, కొత్తగా చేరినవాళ్ల జీతాలు, అదే పని చేసే పాతవాళ్ల జీతాలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది.

జీతం ఒక్కటే చాలదు, అదీ నిజమే. బాగా పనిచేసినా బెల్ కర్వ్ కోసం, అంటే టీమ్‌లో ఇంతమందికే మంచి రేటింగ్ అనే కోటా కోసం, రేటింగ్ తగ్గించారని తెలిసిన రోజే మనసు విరిగిపోతుంది. కూకట్‌పల్లి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి రోజూ రాకపోకలతో అలిసిపోయే తల్లికి, వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని ఏ హైక్‌కీ తీసిపోదు.

అందుకే డబ్బు లేని చిన్న కంపెనీకైనా నా సలహా మూడోదే. పెంచలేకపోతే, ఎప్పుడు ఎంత పెంచగలరో తేదీతో చెప్పండి, ఆ తేదీ దాటనివ్వకండి. మానేసి వెళ్లేవాళ్లని ఎగ్జిట్ ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలనే ఆరు నెలలకోసారి ఉన్నవాళ్లని కూర్చోబెట్టి అడగండి. శనివారం రాత్రి కాల్స్ మానేయడానికి ఏ బడ్జెట్టూ అక్కర్లేదు.