న్యూయార్క్‌లో చప్పట్లు కొట్టే డ్యూటీ

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లినవాళ్లం నయాగరా చూసేస్తాం, లిబర్టీ విగ్రహం చూసేస్తాం. ఆ తర్వాత ఎక్కడికి తీసుకెళ్లాలో పాపం పిల్లలకీ తోచదు. 2025 అక్టోబరులో మా అబ్బాయి మాకు టీవీ టాక్ షోల టికెట్లు తీశాడు. ముందు స్టీఫెన్ కోల్బేర్ నడిపిన 'లేట్ షో', తర్వాత సెత్ మేయర్స్ నడిపే 'లేట్ నైట్'. రెండిటికీ ఒక్క డాలరు కూడా ఖర్చు లేదు.

డాలర్లు ఖర్చు కావు గానీ మోకాళ్లు అరుగుతాయి. వన్ఐయోటా అనే సైట్‌లో ముందుగా పేరు ఇస్తే టికెట్ వస్తుంది, కానీ టికెట్ వచ్చినంత మాత్రాన సీటు ఖాయం కాదు. ఊరికే వచ్చిన టికెట్ కదా అని కొందరు ఎగ్గొడతారు. ఖాళీ కుర్చీ కెమెరాకి చిక్కకూడదు కనుక ఉన్న సీట్ల కంటే ఎక్కువ టికెట్లే పంచుతారు. ఆలస్యంగా వెళ్తే గుమ్మం దాకా వెళ్లి వెనక్కి రావచ్చు. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు తప్పనిసరి. పెద్ద బ్యాగులు రానివ్వరు, దాచుకునే చోటూ ఉండదు. క్యూలో చాలాసేపు నిలబడాలి. నిలబడలేనివాళ్లు టికెట్ అడిగేటప్పుడే ఆ సంగతి చెప్పుకోవడం మంచిది.

మేం లేట్ షో చూసింది బ్రాడ్‌వే మీద ఎడ్ సలివన్ థియేటర్లో. 1927లో కట్టిన నాటకశాల అది. 1964 ఫిబ్రవరి 9న బీటిల్స్ బ్యాండ్ అమెరికన్ టీవీలో మొదటిసారి ప్రత్యక్షంగా పాడింది ఇక్కడే. కోల్బేర్‌కి ముందు డేవిడ్ లెటర్‌మన్ 1993 నుంచి ఇరవై రెండేళ్లు షో నడిపిందీ ఇక్కడే. కోల్బేర్ వచ్చాక 2015లో బాగుచేయించినప్పుడు, అన్నాళ్లూ టీవీ సామాను వెనక దాగిపోయిన గుమ్మటం, రంగుటద్దాల కిటికీలు మళ్లీ బయటపడ్డాయి. నేను సగంసేపు తల పైకెత్తి ఆ గుమ్మటమే చూశాను. టీవీలో మహా పెద్ద హాలనిపిస్తుంది గానీ అయిదు వందల మంది కూడా పట్టరు. చలి మాత్రం దండిగా ఉంది. ఇలాంటి షోలకి వెళ్తే స్వెట్టరు మరిచిపోవద్దు.

షోకి ముందు ఒక కమెడియన్ వచ్చి మాకు డ్యూటీ అప్పజెప్పాడు. ఎప్పుడు చప్పట్లు కొట్టాలి, ఎప్పుడు ఆపాలి, ఎంత గట్టిగా నవ్వాలి అన్నీ. తల మీద వేలాడే మైకులు మా నవ్వుల కోసమేనట. మా అబ్బాయి ముందే హెచ్చరించాడు: "అమ్మా, అర్థం కాకపోయినా చప్పట్లు ఆపొద్దు." తర్వాత కోల్బేర్ కెమెరాలు లేకుండా వచ్చి ప్రేక్షకులు అడిగిన ప్రశ్నలకి జవాబులు చెప్పాడు. నాకు షో కంటే ఆ కాసేపే నచ్చింది. ప్రకటనల విరామంలో లూయీ కేటో బ్యాండ్ ఊపేసింది. టీవీ ముందు కూర్చున్నవాళ్లకి ఆ పాటలు దక్కేవి కావు. మన హైదరాబాద్‌లో కోఆర్డినేటర్లు మనుషుల్ని తెచ్చి కూర్చోబెట్టి పొద్దస్తమానం నడిపే షూటింగులు గుర్తొచ్చాయి. ఇక్కడ గంట షోకి టేకుల మీద టేకులేమీ లేవు, చకచకా అయిపోయింది.

జోకులన్నీ ఆరోజు రాజకీయాల మీదే. మావారు పక్కావిడ నవ్వినప్పుడల్లా నవ్వి నెట్టుకొచ్చారు. పొద్దున ఒకసారి అక్కడి వార్తలు చూసి వెళ్తే సగం గండం గడుస్తుంది.

సెత్ మేయర్స్ షో రాక్‌ఫెల్లర్ సెంటర్ ఎనిమిదో అంతస్తులో, 8జీ స్టూడియోలో. ఇక్కడ గుమ్మటాలూ చరిత్రా లేవు. ఖర్చు తగ్గించుకోవడానికి 2024లో బ్యాండ్‌ని కూడా తీసేశారు. హాలు చిన్నది కావడంతో మనిషి మన ఎదురుగానే కూర్చుని మాట్లాడుతున్నట్టుంటుంది. కెమెరా పక్కన ఒకాయన, మేయర్స్ చదవాల్సిన మాటలు చేత్తో రాసిన పెద్ద పెద్ద అట్టలు పట్టుకుని, ఒక్కో మాట అయిపోగానే ఒక్కో అట్ట తీసేస్తుంటాడు. ఇన్ని కంప్యూటర్లున్న ఊళ్లో ఇంకా ఈ అట్టలేమిటా అని మేమిద్దరం షో వదిలేసి ఆయన్నే చూస్తూ కూర్చున్నాం. భవనం చూడాలంటే లేట్ షో బాగుండేది, పని ఎలా జరుగుతుందో చూడాలంటే మేయర్స్. నన్నడిగితే రెండోదానికే ఓటు. పదహారేళ్లు నిండని పిల్లల్ని మాత్రం రానివ్వరు.

బస విషయానికొస్తే, టైమ్స్ స్క్వేర్ దగ్గర హోటల్లో దిగిన మా బంధువుల గది చూశాను. సూట్‌కేసు తెరిస్తే మనిషి మంచమెక్కాల్సిందే. గది అద్దె మీద 'డెస్టినేషన్ ఫీ' అని ఇంకో వడ్డన. మేం జెర్సీ సిటీలో, జర్నల్ స్క్వేర్ పక్కన ఉన్నాం. అక్కణ్ణుంచి పాత్ అనే మెట్రో రైల్లో న్యూయార్క్ 33వ వీధికి, అక్కడ బీ గానీ డీ గానీ సబ్‌వే రైలు ఎక్కితే ముందు రాక్‌ఫెల్లర్ సెంటర్, ఆ తర్వాతి స్టేషన్ ఎడ్ సలివన్ థియేటర్‌కి నాలుగడుగుల దూరం. రాత్రి తిరిగొచ్చాక న్యూఆర్క్ అవెన్యూలో దోసె దొరుకుతుంది.

లేట్ షోని 2026 మేలో ఆపేస్తామని దాన్ని ప్రసారం చేసిన సీబీఎస్ చానెల్ 2025 జూలైలోనే ప్రకటించింది. మేం వెళ్లేసరికి టికెట్ల కోసం పోటీ బాగా పెరిగిందని మా అబ్బాయి అన్నాడు. చీకటిపడ్డాక బయట తిరగలేని పెద్దవాళ్లు పొద్దున పదకొండింటికి నేరుగా ప్రసారమయ్యే 'ద వ్యూ' అనే టాక్ షోకి ప్రయత్నించవచ్చు. మధ్యాహ్నం భోజనం వేళకి ఇంటికొచ్చేయొచ్చు.