రోజూ వచ్చే పనివాడు, చేతిలో లేని చీపురు

మా జిరాక్సు దుకాణంలో స్కానింగ్‌కు వాడే కంప్యూటర్‌లో ఉబుంటు 22.04 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. పరీక్షల కాలంలో దాన్ని ఆపే తీరిక ఉండదు. మూడు నెలలు ఏకధాటిగా నడిచాక ఒక సాయంత్రం, విద్యార్థులు బయట వరుసకట్టి ఉండగా, డిస్కులో చోటు లేదంటూ స్కానింగ్ ఆగిపోయింది. వెతికితే తాత్కాలిక ఫైళ్లు ఉండే టీఎంపీ ఫోల్డర్‌లోనే 140 జీబీ!

ఆ చెత్త ఊడ్చేది సిస్టమ్‌డీ-టీఎంపీఫైల్స్ అనే ప్రోగ్రాం. అది ఉబుంటుతో పాటే వస్తుంది. ఈ సమీక్ష దాని గురించే. మొదట దాన్ని వేళకు నడిపే టైమర్ చెడిపోయిందనుకున్నాను. చూస్తే నిక్షేపంగా ఉంది: కంప్యూటర్ మొదలైన 15 నిమిషాలకు ఒకసారి, తర్వాత రోజుకోసారి. పని సక్రమంగా ముగిసిందని లాగ్‌లో, అంటే కంప్యూటర్ రాసుకునే చిట్టాలో, రోజూ నమోదవుతోంది. పనివాడు వేళకు వచ్చి హాజరు వేయించుకుని వెళ్తున్నాడు, గది మాత్రం అలాగే ఉంది.

గుట్టు టీఎంపీ.కాన్ఫ్ అనే చిన్న సెట్టింగుల ఫైల్లో దొరికింది. ఎన్ని రోజులు దాటిన ఫైళ్లను తీసేయాలో రాయాల్సిన చోట ఒక అడ్డగీత ఉంది. అంటే గడువే లేదు. ఆ వరుస మొదట్లో ఉన్న ఇంగ్లిష్ పెద్ద 'డీ' అక్షరం వల్ల కంప్యూటర్ మళ్లీ మొదలైనప్పుడు మాత్రమే ఫోల్డర్ ఖాళీ అవుతుంది. నేను ఆపనే లేదు కదా! ఆ ఫైలును, మన సొంత సెట్టింగులు పెట్టుకునే ఈటీసీలోని టీఎంపీఫైల్స్.డీ ఫోల్డర్‌లోకి అదే పేరుతో నకలు తీసి, గీత స్థానంలో 10డీ (పది రోజులు) అని రాశాను. అసలు ఫైలును దిద్దితే తర్వాతి అప్‌డేట్‌లో మార్పు పోతుంది.

పన్నెండో రోజుకు చాలా వరకు పోయాయి కానీ కొన్ని పెద్ద ఫైళ్లు కదల్లేదు. లాగ్ స్థాయిని అన్ని వివరాలూ చెప్పే డీబగ్‌కు పెంచి, ప్రోగ్రాంను చేత్తో నడిపితే ఒక్కొక్క ఫైలుకూ కారణం చెప్పింది: తెరిచిన సమయం ఇంకా కొత్తదే. మార్చిన సమయంతో పాటు తెరిచిన సమయం కూడా గడువు దాటితేనే ఇది ఫైలును తుడుస్తుంది. ఇంకా ఉన్నాయా అని రోజూ ఆ ఫైళ్లను తెరిచి చూస్తున్నది నేనే. చూసినప్పుడల్లా వాటికి ఆయుష్షు పోస్తున్నాను.

పనితనానికి అయిదుకు నాలుగు ఇస్తాను. గడువు లేదన్న సంగతి లాగ్‌లో ఒక్క ముక్కయినా చెప్పనందుకు ఒకటి తగ్గించాను. సగంలో ఆగిన స్కాన్లను ఇప్పుడు హోమ్ ఫోల్డర్‌లో దాస్తున్నాను. టీఎంపీని తెరవడం మానేశాను.