షేరు చవకని కొనేముందు మొత్తం ఎన్ని షేర్లున్నాయో చూడండి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు కొత్తగా డీమ్యాట్ ఖాతా తెరిచిన మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు పర్లాకిమిడిలో బట్టల కొట్టు ఉంది. పాతపట్నం వెళ్లినప్పుడు తెలిసిన వ్యాపారి ఒకాయన ఒక చిన్న కంపెనీ గురించి చెప్పారు. షేరు 30 రూపాయలే, లాభం ఏటా పెరుగుతోంది అన్నారు. దసరా అమ్మకాల్లో మిగిలిన 60,000 పెట్టి 2,000 షేర్లు కొన్నాను.

ఆయన అబద్ధం చెప్పలేదు. రెండేళ్లలో లాభం 8 కోట్ల నుంచి 10 కోట్లకు పెరిగింది. షేరు మాత్రం 19కి దిగింది. చాలా రోజులు మార్కెట్‌నే తిట్టుకున్నాను. అసలు సంగతి వేరు. నేను కొన్నప్పుడు కంపెనీవి 4 కోట్ల షేర్లు. ప్రమోటర్లకూ (కంపెనీని నడిపే యజమానులకూ) వారికి కావలసినవారికీ ఇచ్చిన వారంట్లు, అంటే ముందే ఖాయం చేసిన ధరకు తర్వాత కొత్త షేర్లు తీసుకునే హక్కులు, షేర్లుగా మారేసరికి అవి 8 కోట్లయ్యాయి. షేరుకు 2 రూపాయలున్న లాభం రూపాయి పావలా అయింది.

ఉమ్మడి పొలంలోకి కొత్త వాటాదారులు వచ్చినా, వాళ్లు తెచ్చిన సొమ్ముతో పక్క చెక్క కొంటే పాతవాళ్లకు నష్టం లేదు. ఇక్కడ అలా జరగలేదు. లాభం కాగితం మీదే ఉంది. రెండేళ్లూ వ్యాపారం నుంచి నగదు చేతికి రాలేదు, రావలసిన బాకీలు మాత్రం పెరిగాయి. ఆ లోటు పూడ్చడానికే కొత్త షేర్లు అమ్మారు. నా కొట్టులో వసూలు కాని అరువును నేనెన్నడూ లాభమనుకోలేదు. ఆ కంపెనీ నగదు ప్రవాహం పట్టిక ఒక్కసారి తెరిచి ఉంటే కొనేవాడిని కాదు.

వారంటు తీసుకునేవారు ముందు 25 శాతం కడితే చాలు, మిగతాది 18 నెలల్లోగా కట్టవచ్చు. అందుకే షేర్ల సంఖ్య పెరగబోతోందని ధర చూస్తే తెలియదు. త్రైమాసిక ఫలితాల అడుగున బేసిక్ ఈపీఎస్, డైల్యూటెడ్ ఈపీఎస్ అని రెండు అంకెలుంటాయి. ఈపీఎస్ అంటే షేరుకు వచ్చే లాభం. మొదటిది ఉన్న షేర్లతో వేసిన లెక్క, రెండోది వారంట్ల వంటివి కూడా షేర్లుగా మారితే వచ్చే లెక్క. రెండోది బాగా తక్కువగా ఉంటే కొత్త షేర్లు దారిలో ఉన్నట్టే. అక్కడే ఉండే చెల్లించిన మూలధనాన్ని (పెయిడ్ అప్ క్యాపిటల్) ముఖ విలువతో (ఫేస్ వాల్యూ, షేరుకు కాగితం మీద ఉండే విలువ, బజారు ధర కాదు) భాగిస్తే మొత్తం షేర్లు ఎన్నో తేలుతుంది. బోనస్ (ఉన్నవాళ్లకు ఉచితంగా ఇచ్చే షేర్లు), స్ప్లిట్ (ఒక షేరును చిన్న షేర్లుగా విడగొట్టడం) వల్ల సంఖ్య పెరిగితే భయం లేదు, మీ షేర్లూ అదే లెక్కన పెరుగుతాయి.

పెద్ద కంపెనీలైనా ఇంతే. 2025 ఏప్రిల్‌లో వొడాఫోన్ ఐడియా ప్రభుత్వానికి కట్టాల్సిన బకాయిలకు బదులుగా 3,695 కోట్ల కొత్త షేర్లు ఇవ్వడంతో ప్రభుత్వ వాటా దాదాపు 49 శాతానికి చేరింది. మిగతా అందరి వాటా ఆ మేరకు తగ్గింది.

నేను కొన్న కంపెనీ షేరు 19కే వస్తోందని మా బజారులో మళ్లీ చెప్పుకుంటున్నారు. పోయిన నెలే ఇంకో విడత వారంట్లకు ఆమోదం కోరుతూ నోటీసు వచ్చింది. ఈసారి దాన్ని పూర్తిగా చదివి, వ్యతిరేకంగా ఓటు వేశాను.