మూడు మామిడి సీజన్లు వాడాక: నా ఫోన్‌కు వచ్చిన అప్‌డేట్, రాని అప్‌డేట్

ఈ ఫోన్ కెమెరా ఎంత, ర్యామ్ ఎంత అన్నది రాయడం లేదు. అవి పెట్టె మీదే ఉంటాయి. 2023 ఉగాదికి చిత్తూరులో కొన్నాను. మూడు కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్లు ఇస్తామని కంపెనీ చెప్పింది, అది విని కొన్నాను. అంతకు ముందు వాడిన ఫోన్‌కు ఏడాది తిరగకుండానే అప్‌డేట్లు ఆగిపోయాయి. అందుకే ఆ మాట బాగా నచ్చి, మా ఊళ్ళో ఇంకో నలుగురి చేత ఇదే మోడల్ కొనిపించాను.

మాది బంగారుపాళెం దగ్గర పల్లె. తోట గుట్ట కింద ఉంటుంది. అక్కడ సిగ్నల్ అందదు. కౌండిన్య అడవి నుంచి ఏనుగులు దిగితే పలమనేరు వైపు రైతులు వాట్సాప్ గ్రూపులో ముందే మెసేజ్ పెడతారు. తోటలో కాపలా పడుకున్నవాడికి మాత్రం అది చేరదు. ఇలాంటి పరిస్థితిలో 2024లో ఆండ్రాయిడ్ 15 గురించి వీడియోలు మొదలయ్యాయి. ‘సిగ్నల్ లేకపోయినా శాటిలైట్‌తో మెసేజ్‌లు’ అని ఒకటి చూశాక నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ రోజు నుంచి ఆ అప్‌డేట్ కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను.

గూగుల్ సొంత ఫోన్లయిన పిక్సెల్‌లకు అది 2024 అక్టోబరులో వచ్చేసింది. నాకు రాలేదు. దీపావళికి వస్తుందని ఒకరు, సంక్రాంతికి ఖాయమని ఇంకొకరు, లిస్టులో మీ మోడల్ ఉందని మరొకరు. రోజూ రాత్రి భోజనం చేశాక సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ‘అప్‌డేట్ కోసం చూడండి’ అన్నచోట నొక్కేవాడిని. ‘మీ ఫోన్ అప్ టు డేట్‌గా ఉంది’ అని వచ్చేది. ఎనిమిది నెలలు అదే జవాబు. తిరుపతిలో చదువుకుంటున్న మా అక్క కొడుకు సెలవులకు వచ్చినప్పుడు వివరంగా చెప్పాడు. గూగుల్ ఇచ్చిన కోడ్‌ను చిప్పు చేసేవాళ్ళు తమకు తగ్గట్టు మార్చుకుంటారు. దాని మీద ఫోన్ కంపెనీ తన హంగులన్నీ చేర్చి పరీక్షిస్తుంది. ఆ తర్వాత కూడా అందరికీ ఒకేసారి వదలకుండా, ముందు కొద్దిమందికి ఇచ్చి, ఇబ్బంది లేదనుకుంటే మిగతావాళ్ళకు ఇస్తారు. ఈ సంగతి ఆ వీడియోల్లో ఒక్కరు చెప్పినా రోజూ ఆ బటన్ నొక్కేవాడిని కాదు.

శాటిలైట్ సంగతి అడిగితే వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మామా, సాఫ్ట్‌వేర్ ఒకటే వస్తే చాలదు. శాటిలైట్‌తో మాట్లాడే చిప్పు ఫోన్లో ఉండాల, సిమ్ము కంపెనీ ఆ సర్వీసు ఇయ్యాల” అన్నాడు. నా ఫోన్లో ఆ చిప్పు లేదు. ఐఫోన్లలో 2022 నుంచి ఉన్న శాటిలైట్ ఎస్‌ఓఎస్, అంటే ఆపదలో శాటిలైట్ ద్వారా సాయం కోరే సదుపాయం కూడా మన దేశంలో ఇవ్వడం లేదట. మనసు చివుక్కుమంది. అయినా అప్‌డేట్ వస్తే ఇంకేదో మేలు జరుగుతుందిలే అనుకున్నాను.

2025 జూన్‌లో పిక్సెల్ ఫోన్లకు ఆండ్రాయిడ్ 16 కూడా విడుదలైంది. అప్పటికి నాకింకా 15 రాలేదు. మా దగ్గర తోతాపురి మామిడి కోతలు ముమ్మరంగా నడుస్తున్నాయి. ఆ ఏడాది పరిస్థితి జిల్లాలో అందరికీ తెలిసిందే. ఫ్యాక్టరీ ధర కిలో 8 రూపాయలు, ప్రభుత్వం ఇచ్చేది 4 రూపాయలు, కలిపి 12 అని ప్రకటించారు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి వరసలో నిలబడ్డాయి. మా ట్రాక్టరులో నాలుగు టన్నుల పైచిలుకు కాయ ఉంది. డ్రైవరును అక్కడే ఉంచి నేను ఇంటికి వచ్చాను. ఏ నంబరు లోపలికి రావాలో ఫ్యాక్టరీవాళ్ళు వాట్సాప్ గ్రూపులో పెడతారు. డ్రైవరుది బటన్ ఫోన్. మెసేజ్ రాగానే నేను వాడికి కాల్ చేయాలి. గ్రూపుకు పెద్ద రింగ్‌టోన్ పెట్టుకుని, ఫోన్ తలగడ పక్కనే ఉంచి పడుకున్నాను.

ఆ రాత్రే ఆండ్రాయిడ్ 15 అప్‌డేట్ వచ్చింది. నేనేమీ నొక్కలేదు. ‘రాత్రిపూట దానంతటదే ఇన్‌స్టాల్’ అనే ఆప్షన్ మొదటి నుంచీ ఆన్‌లో ఉన్నట్టుంది. ఎప్పుడో మూడు ప్రాంతంలో ఫోన్ రీస్టార్ట్ అయింది. మా నంబరు మెసేజ్ 3:40కి పడింది. నాకు ఏ శబ్దమూ వినిపించలేదు. ఐదున్నరకు లేచి చూస్తే స్క్రీన్ పిన్ అడుగుతోంది. పిన్ కొట్టగానే మెసేజ్‌లన్నీ ఒక్కసారిగా టపటపా వచ్చిపడ్డాయి. ఫోన్ చేసేసరికి డ్రైవరు ట్రాక్టరు కింద నిద్రపోతున్నాడు. మా తర్వాతి బండ్లు ఎప్పుడో లోపలికి పోయాయి. బతిమాలినా వినలేదు, వెనక్కి పొమ్మన్నారు. ఇంకో ఒకటిన్నర రోజు ఎండలో ఆగాం. తూకానికి వెళ్ళేసరికి మూడు క్వింటాళ్ళు మెత్తబడ్డాయని పక్కన పోశారు. 3,600 రూపాయలు నష్టం, ట్రాక్టరు బాడుగ అదనం. అసలే ధర లేని ఏడాది, ఆ డబ్బు నాకు చిన్నది కాదు. ఆ కాయలు పక్కన పోస్తుంటే చూడలేక గేటు బయటికి వచ్చేశాను.

ఎందుకిలా జరిగిందో మళ్ళీ మా వాడే చెప్పాడు. “రీస్టార్ట్ అయినాక ఒక్కసారన్నా పిన్ కొట్టేదాకా లోపల మన డేటాకు తాళం వేసే ఉంటాది మామా. కాల్ వస్తే మోగుతాది, అలారం మోగుతాది. వాట్సాప్ మాత్రం లేవదు.” దొంగ చేతికి ఫోన్ దొరికితే మన వివరాలు అందకుండా ఈ ఏర్పాటు. ఆ మాట సబబే, కాదనను. అప్‌డేట్ తర్వాత పిన్ లేకుండానే యాప్‌లు నడిచే వీలు ఆండ్రాయిడ్ 11తోనే తెచ్చారట. ఫోన్ కంపెనీ కూడా దాన్ని అమర్చాలి. నా దాంట్లో ఆ రాత్రి అది పనిచేయలేదన్నది మాత్రం నిజం.

నా కోపమంతా ఇక్కడే. వదంతులన్నీ అబద్ధాలని నేను అనను. ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18 తర్వాత 19 రాదు, ఏకంగా 26 అని పేరు పెడతారని 2025 మేలో ముందే చెప్పారు, జూన్ 9న అదే నిజమైంది. కానీ ఏం వస్తుందో ఎనిమిది నెలలు చెప్పినవాళ్ళలో, అది వచ్చిన రాత్రి ఫోన్ ఏ స్థితిలో ఉంటుందో ఒక్కరూ చెప్పలేదు. కొత్త ఐకాన్లు, కొత్త లాక్ స్క్రీన్, బ్యాటరీ రెట్టింపు, ఇవే. బ్యాటరీ రెట్టింపు కాలేదు. మొదటి రెండు రోజులు ఫోన్ బాగా వేడెక్కింది, తర్వాత ఎప్పటిలా సర్దుకుంది. కొన్న కొత్తలో రాత్రి దాకా ఆగుతుందని అందరికీ చెప్పేవాడిని, ఇప్పుడు సాయంత్రం ఒకసారి ఛార్జింగ్ పెట్టాల్సి వస్తోంది.

నిజంగా పనికొచ్చే చిన్న అప్‌డేట్ల గురించి ఎవరూ వీడియో చేయరు. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ అక్షరం ఒక తీరులో వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలేవి, గుర్తుందా? దాన్ని బాగుచేసింది 11.2.6 అనే చిన్న అప్‌డేటే.

ఇంతకూ ఫోన్ కొనవచ్చా అంటే, ఇంట్లో, ఆఫీసులో ఉండేవాళ్ళకు ఇబ్బంది ఉండదనే అనుకుంటున్నాను. నేను కొనిపించిన నలుగురిలో ముగ్గురికి ఏ ఇబ్బందీ రాలేదు, నాలుగో ఆయన ఇంకా 14 మీదే ఉన్నాడు. నాలాగా రాత్రి మెసేజ్ మీద పని నడిచేవాళ్ళయితే ఆ ఆప్షన్ ఆఫ్ చేసి, తీరిక ఉన్న పగటిపూట మీరే ఇన్‌స్టాల్ చేసుకోండి. ఫోన్ భద్రతా లోపాలను సరిచేసే ప్యాచ్‌లు మాత్రం మానకండి, యూపీఐ అంతా ఇందులోనే ఉంది కదా. నేను నెలకోసారి, ఆదివారం మధ్యాహ్నం వేసుకుంటున్నాను.

ఆండ్రాయిడ్ 16 ఈ ఫోన్‌కు ఫలానా నెలలో అని మళ్ళీ వీడియోలు వస్తున్నాయి. నేను తెరవడం లేదు. తోటలో సిగ్నల్ లేదు. ఏనుగులు దిగితే కింది పొలం అబ్బాయి ఇప్పటికీ బైకు మీద వచ్చి చెప్పి వెళ్తున్నాడు.