పెద్ద కాన్ఫరెన్స్‌కి వెళ్లాలా, సొంత ప్రాంతంలోనే ఉండాలా?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో జట్లు కాన్ఫరెన్స్‌లనే లీగ్‌లుగా ఆడతాయి. 2024లో ఆరెగన్, వాషింగ్టన్ యూనివర్సిటీల జట్లు పశ్చిమ తీరపు పాక్-12 కాన్ఫరెన్స్‌ని వదిలి, పెద్దదైన బిగ్ టెన్‌కి వెళ్లాయి. ఆరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ పాక్-12లో మిగిలాయి.

డబ్బు: బిగ్ టెన్‌దే పైచేయి. మొదట్లో పూర్తి వాటా రాకున్నా టీవీ ఆదాయం ఎక్కువే.

ప్రయాణం: అదే కాన్ఫరెన్స్‌లో చేరిన లాస్ ఏంజెలెస్ జట్టు యూసీఎల్‌ఏ, న్యూజెర్సీలోని రట్గర్స్‌తో ఆడాలంటే దేశం ఆ చివరికి వెళ్లాలి, మూడు గంటల టైమ్ తేడా. ఫుట్‌బాల్ వారానికో మ్యాచే కాబట్టి సర్దుకోవచ్చు. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడే పిల్లల చదువు మాత్రం నలిగిపోతుంది. నాకిది అన్యాయంగానే అనిపిస్తుంది.

రిస్క్: వెళితే 18 జట్ల పోటీ, ఆరెగన్ మొదటి ఏడాదే బిగ్ టెన్ టైటిల్ కొట్టింది. ఉండిపోతే ఒంటరితనం, 2026లో బాయిసీ స్టేట్ లాంటి జట్లు చేరేదాకా పాక్-12లో ఆ రెండే మిగిలాయి.

జాతీయ టైటిల్‌కి పోటీపడే జట్టుంటే వెళ్లడమే మేలు. మధ్యస్థాయి జట్టయితే, దగ్గరి ప్రత్యర్థులతో ఆడితేనే స్టేడియం నిండుతుందనుకుంటే ఉండిపోవాలి.